చల్లన్నం పొగలు

వదినకు, నేను క్షేమమే. కనుబొమలు మాడాయి, అవే మొలుస్తాయి. కొండమీద మంటలు ఆరాయి. గాలి పడిపోయింది, పొగ లేదు, పిట్ట కూత కూడా లేదు. మంట దాటకుండా గడ్డి చెక్కి మేం వేసిన అడ్డుబాటకు ఇవతల, నిన్న క్యారేజీలు నేలమీద పెట్టి బండలమీద కునుకు తీశాం. లేచి మూత తీస్తే పొద్దుటి చల్లన్నం పొగలు కక్కుతోంది.

"ఎవర్రా వండింది?" అని నవ్వుకున్నాం. మేస్త్రీ నవ్వలేదు. చేతితొడుగు తీసి, చెయ్యి వెనకవైపు నేలకు ఆనించాడు. "లేవండి. నిప్పు వేర్లలో నడుస్తోంది," అన్నాడు. వానల్లేక లోపలిదాకా ఎండిన వేర్లు పట్టుకుని, మా బాట కిందనుంచే అది ఎగువకు పోతోంది. పైన మాత్రం ఆకు కూడా వాడలేదు.

ఉన్ని మేజోళ్లు పంపు. నీ కుట్టుమిషను బాగైందా? పెరట్లో మోడు తగలబెట్టి పీడ వదిలించానని అన్నయ్య గొప్పగా రాశాడు. దాని వేర్లు వెనక గది కిందికే కదా పోయాయి, తవ్వించి నీళ్లు పోయించు. చంటిదానికి ముద్దులు. ఆ గదిలో అది ఇంత చలిలోనూ దుప్పటి తన్నేస్తోందని రాశావు. కార్డు అందగానే నేలమీద చెయ్యి ఆనించి చూడు.

నీ మరిది