ఎడమచేత్తో ఆడి చూశాను

అక్కా, నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, నా గురించి బెంగపెట్టుకోకు.

కుడిచెయ్యి పడిపోయాక బావకి పొద్దు గడవడం లేదని, ఏ వీడియోగేమ్ కొనమంటావని అడిగావు. మా షాపులో రెండు రకాలున్నాయి. నా కుడిచెయ్యి జేబులో పెట్టుకుని, ఎడమచేత్తోనే రెండూ ఆడి చూశాను. నల్లదాని ధర ఎక్కువ, తెరమీద బొమ్మ సినిమాలా ఉంటుంది, కానీ దాని ఆటలన్నిటికీ రెండు చేతులూ కావాలి. తెల్లది చవక, కాస్త నిదానం, తొందరగా వేడెక్కుతుంది. అయితే అందులో కార్ల పందెం ఉంది. రిమోట్‌ని ఒంటిచేత్తో అటూ ఇటూ వంచితే చాలు, కారు తిరుగుతుంది. నేనలా ఆడుతుంటే ఓనరు చూసి, "చేతికేమైందయ్యా?" అన్నాడు. జేబులోంచి చెయ్యి తీసి, తెల్లదానికి బిల్లు రాయమన్నాను.

తెల్లదే పంపుతున్నాను. బావ మాత్రలు వేసుకుంటున్నారా? మాట కాస్తయినా తేటపడిందా? రాయి.

రిమోట్లు రెండు పెట్టాను, రెండోది నీకు. "నాకేం వచ్చు ఈ ఆటలు" అనకుండా పక్కన కూర్చో. నాకు ఆట నేర్పిన రోజుల్లో బావ ఏనాడూ కావాలని ఓడిపోలేదు. నువ్వూ ఓడిపోకు, ఇట్టే కనిపెట్టేస్తారు.

ఆయనకి నా నమస్కారాలు. నల్లది ఎందుకు పంపలేదని అడిగితే మాత్రం, వాడు పిసినారి, చవగ్గా వస్తుందని తెల్లది కొన్నాడని చెప్పు.

నీ తమ్ముడు