ఒకటో వరస

12-4-2003
లేక్ టౌన్ సర్వే మొదలైంది. సరస్సు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో కొలిచి గీత గీయడం నా పని. మండుటెండల్లోనే గీయమన్నాడు మేనేజరు. ఇప్పుడైతే నీళ్లు బాగా వెనక్కి పోయి ఉంటాయి, ప్లాట్లు ఇంకో రెండు వరసలు పడతాయి. అది తప్పని నాకు తెలుసు. గీశాను.

15-4-2003
పడవ నడిపే ముసలాయన ఒక బండ చూపించాడు. దాని మీద నా ఛాతీ ఎత్తున నల్లటి చార. సరస్సు నిండిన ఏడాది నీళ్లు అక్కడిదాకా నిలుస్తాయన్నాడు. మేనేజరుకి చెప్పాను. బండకి తెల్ల పెయింట్ కొట్టించి స్వాగతం అని రాయించమన్నాడు. పెయింటర్ రాలేదు. నేనే కొట్టాను.

2-5-2003
ప్రమోషన్ వచ్చింది.

3-2-2004
బ్రోషర్ వచ్చింది. ఊరింకా లేదు గానీ ఊరి చరిత్ర మాత్రం ఒక పేజీ ఉంది. నా బండ పురాతన స్వాగతశిల అట. నవ్వాగలేదు.

సాయంత్రం అక్క ఫోన్. బావ పక్షవాతంతో మంచాన పడి ఏడాదైంది. కిటికీలోంచి నీళ్లు చూస్తుంటే ఆయన ప్రాణం కుదుటపడుతుందట. ఒకటో వరసలో, మెట్లు లేని ఇల్లు కావాలంది. తమ్ముడు కొలిచిన ఊరు, నాకేం భయం అంది. మూడో వరస తీసుకోమని నోటిదాకా వచ్చింది. ఎందుకంటుంది. చెప్తే నా ఉద్యోగం ఊడుతుంది. వ్యూ బాగుంటుందక్కా అన్నాను.

19-6-2004
అక్కావాళ్లు దిగారు. బావ మంచం కిటికీ పక్కన వేశాం. పనిచేసే చేత్తో నా చెయ్యి పట్టుకుని బావ వదల్లేదు. చచ్చేంత సిగ్గేసింది. కాఫీ మాత్రం రెండుసార్లు తాగాను.

30-8-2005
రెండేళ్లుగా సరిగ్గా వానల్లేవు. నా గీతే కరెక్టేమో. ఈమధ్య బాగా నిద్ర పడుతోంది.

7-10-2006
నాలుగు రోజులుగా ఒకటే వాన. మధ్యాహ్నం అక్క మందులకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి వీధిలో నడుంలోతు నీళ్లు. తలుపు తెరుచుకోలేదట. కిటికీ అద్దం పగలగొట్టి చూసిందట. మంచం తేలుతోందట. మంచం మీద బావ లేడు.

16-10-2006
వచ్చినవాళ్లందరికీ అక్క ఒకటే చెప్తోంది, మా తమ్ముడు ఎంత జాగ్రత్తగా కొలిచాడో అని. ఆ నీళ్లకే కళ్లు లేవంది. నా తల నిమిరి ఏడవకురా అంది. నేను ఏడవడం లేదు.

వస్తూ బండ దగ్గర ఆగాను. తెల్ల పెయింట్ మీద కొత్త చార. నా ఛాతీ ఎత్తునే.

14-4-2007
ఫేజ్ టూ సర్వే. అక్క ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది, సైటుకి క్యారేజీ తెచ్చింది. బండ మీద ఆ చారేంట్రా అంది. మురికి అన్నాను. నేను మళ్లీ తెల్లగా కొడుతుంటే పెయింట్ డబ్బా తనే పట్టుకుంది.