ఒక్క వారం వేసుకో

ప్రియమైన అక్కకి,

ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తవు. ఎత్తినా "పనిలో ఉన్నానే, మళ్లీ చేస్తా" అంటావు. ఉత్తరమైతే పనిలో ఉన్నానని చెప్పడానికైనా కలం పట్టాలి కదా, అందుకే రాస్తున్నాను.

చివరి సంవత్సరంలో ఎనిమిది వారాలు కుటుంబ వైద్యం నేర్చుకోమని మమ్మల్ని తలా ఒక చిన్న క్లినిక్‌కి పంపారు. నా వంతుకి వచ్చింది సైకిల్ షాపు పక్కన రెండు గదులు. ఒక గదిలో బెంచీలు, రెండో గదిలో పెద్ద డాక్టరమ్మ. అరవై దాటిన మనిషి. కళ్లజోడు మెడలో వేలాడుతుంటే బల్లంతా వెతుక్కుంటుంది.

మొదటి మూడు రోజులు నన్ను స్టెతస్కోపు ముట్టుకోనివ్వలేదు. బెంచీ మీద జనం మధ్య కూర్చోమంది. "ఏం చూడాలి మేడమ్?" అంటే, "ఎవరితో ఎవరు వచ్చారో చూడు" అంది. పెద్దాసుపత్రిలో మాకు మనుషులుండరు, పద్నాలుగో మంచం కాలేయం, ఇరవయ్యో మంచం గుండె ఉంటాయి. ఇక్కడ బీపీ చూపించుకోవడానికి వచ్చినాయన కోడలి ఉద్యోగం గురించి చెబుతాడు. ఈవిడ అది కూడా రాసుకుంటుంది.

ఒక మాట చెప్పనా? నాకేమీ అనిపించడం లేదక్కా. పోయిన నెల వార్డులో ఒకాయన నా చేతుల్లోనే పోయాడు. టైము రాశాను, చేతులు కడుక్కున్నాను, క్యాంటీన్‌కి వెళ్లి కూర రెండోసారి వేయించుకున్నాను. బాధ లేదే అన్న బాధ కూడా లేదు. చదువు ఇలా చేసిందా, నేనే ఇంతా, తెలియదు.

బావని అడిగానని చెప్పు.

నీ పొట్టి

*

పొట్టీ,

నీ ఉత్తరం చూసి మీ బావ, "చేతిరాత ఇంకా అర్థమవుతోందంటే డాక్టరు అవ్వడానికి టైముందన్నమాట" అన్నాడు.

ఇక్కడ అంతా మామూలే. బైండింగ్ షాపులో ఒక స్కూలు వాళ్ల రిజిస్టర్లు ముప్పై తలకిందులుగా కుట్టేశాను. ఓనరు అందరి ముందూ అరిచాడు. ఆయన అరుస్తున్నంతసేపూ చొక్కా గుండీ ఒకటి ఊడబోతోందని దాన్నే చూస్తూ నిలబడ్డాను. కొన్నాళ్లు రావద్దన్నాడు. ఇంట్లోనే ఉంటున్నాను.

మెట్ల దగ్గర పడ్డాను, మోచేతికి కట్టు వేశారు. అక్షరాలు ఇలా వాలిపోయింది అందుకే, కంగారు పడకు. మీ బావ నన్ను ఒక్కదాన్నీ గడప దాటనివ్వడం లేదు. బీరువా తాళంచెవి కూడా తన జేబులోనే. లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, తలుపు సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూస్తే గానీ నిద్రపట్టదు.

ఏమీ అనిపించకపోవడం మరీ అంత చెడ్డదేం కాదే. అలవాటైపోతుంది.

వేళకి తిను.

అక్క

*

ప్రియమైన అక్కకి,

నిన్న జరిగింది చెబుతాను, పూర్తిగా చదువు.

బట్టలు ఇస్త్రీ చేసే ఒకావిడ తలనొప్పని మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ నేనే చూశాను. బీపీ బాగుంది, కళ్లు బాగున్నాయి. మాత్రలు రాసిచ్చాను. మూడోసారి పెద్ద డాక్టరమ్మ నా చీటీ తీసి పక్కన పెట్టి, తలుపు మూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుని, "ఇంట్లో ఎలా ఉందమ్మా?" అంది. బయట ఎవరో సైకిల్ గంట కొట్టి చూసుకుంటున్నారు. ఆవిడ చెంగు పక్కకి తీసి భుజం చూపించింది. ఇస్త్రీపెట్టె ఆకారంలో కాలిన మచ్చ. మొగుడు చేసిన పని.

ఆవిడ వెళ్లాక, "నాకెందుకు చెప్పలేదు మేడమ్?" అన్నాను.

"నువ్వు అడిగావా?"

గదికొచ్చి నీ ఉత్తరం మళ్లీ చదివాను. మోచెయ్యి. గడప. తాళంచెవి. అక్కా, సూటిగా అడుగుతున్నాను. బావ నిన్ను కొడుతున్నాడా?

ఇది రాస్తున్నప్పుడు కూడా నా చెయ్యి వణకలేదు. అది నీ మీద ప్రేమ లేక కాదని మాత్రం నమ్ము.

పొట్టి

*

అక్కా,

పద్దెనిమిది రోజులైంది. బావకి ఫోన్ చేస్తే, "అది మీ అక్కే చెప్పాలి, నేను చెప్పకూడదు" అని పెట్టేశాడు. వచ్చే శనివారం బస్సెక్కుతున్నాను. నువ్వు వద్దన్నా వస్తాను.

పొట్టి

*

పొట్టీ,

మూడు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది నాలుగోది.

మీ బావ నా మీద చెయ్యెత్తి ఎరగడు. వచ్చాక ఆయన మొహం మీద అలాంటి మాట అనకు. బీరువాలో దాచింది నా మాత్రలు.

పాప పుట్టి ఏడవలేదు, దక్కలేదు. నీకు తెలుసు. అప్పుడు నువ్వు మూడో సంవత్సరంలో ఉన్నావు. నాకు నిద్ర లేదని మీ బావ చెబితే హాస్టల్ నుంచి ఒక స్ట్రిప్ పంపావు, పది మాత్రలు. "ఒక్క వారం వేసుకో, తర్వాత మానెయ్" అని చీటీ కూడా పెట్టావు. తప్పు నీది కాదే. వారమే అన్నావు. నేనే మానలేదు.

నిద్ర కోసం కాదు. వేసుకుంటే పాప గుర్తొచ్చినా ఎవరి పాపో అన్నట్టుండేది. మందుల షాపతను డాక్టరు చీటీ అడగలేదు. ఒకటి రెండైంది, రెండు నాలుగైంది. ఫోన్‌లో మాట ముద్దగా వస్తుందని నువ్వు పట్టేస్తావని ఎత్తడం మానేశాను. పోయిన నెల నీకు తెలిసేలోగా వదిలించుకోవాలని ఒక్కసారిగా ఆపేశాను. మూడో రోజు మెట్ల మీద ఫిట్స్ వచ్చాయట. నాకు తెలియదు, మీ బావే చూశాడు. అప్పటి నుంచీ ఆయనే లెక్కపెట్టి ఇస్తున్నాడు, మూడు పూటలా. ఒక్కదాన్నీ వదలడం లేదు.

నీ చేతి మీదుగా మొదలైందని నీకు తెలియకూడదనుకున్నాను. అంతే.

అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం బెంచీల గదిలో నిలబడి చదివాను. లోపలికి వెళ్లి పెద్ద డాక్టరమ్మకి ఇచ్చి, "ఇది నేను చేసిన పనే" అన్నాను. తప్పేం లేదంటుందనుకున్నాను. అనలేదు. చివరిదాకా చదివి, "అవును. ఇప్పుడేం చేస్తావు?" అంది.

మాన్పించడం తెలియదన్నాను. కూర్చోమంది. మందులు రాయడం మాకు నాలుగేళ్లు నేర్పారు, మాన్పించడం నిన్న ఒక గంటలో నేర్చుకున్నాను. ఈ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. కొద్దికొద్దిగా, వారాల తరబడి తగ్గించాలి, నెలలు పట్టినా పట్టొచ్చు. నువ్వు గానీ బావ గానీ సొంతంగా ఏమీ మార్చకండి. మీ ఊళ్లో ఆవిడకి తెలిసిన డాక్టరున్నాడు. నా ముందే ఫోన్ చేసి మాట్లాడింది. సోమవారం ముగ్గురం వెళ్దాం. తర్వాత నీతో ఉండేది ఆయనా బావా. నేను నీకు డాక్టర్ని కాదు, చెల్లెల్ని. అది కూడా ఆవిడే చెప్పింది.

బావ గురించి అలా అనుకున్నందుకు ఆయన్ని క్షమాపణ అడుగుతాను. ఆ స్ట్రిప్ పంపాక ఒక్కసారైనా నిన్ను అడగనందుకు నీకూ చెప్పుకోవాలి. పరీక్షలున్నాయి అనుకున్నాను. నిజానికి నువ్వేం చెబుతావోనని భయం.

ఇంకా ఏడుపు రాలేదు. రాకపోయినా శనివారం వస్తున్నాను.

నీ పొట్టి

*

పొట్టీ,

నువ్వు వచ్చి వెళ్లి ఏడు వారాలు. మాత్ర సగం తగ్గింది. చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతాను. ఇక్కడి డాక్టరు ప్రతి గురువారం రమ్మంటాడు. మొన్న తొందరగా తగ్గించేద్దామంటే ఒప్పుకోలేదు.

ఒక విషయం చెప్పాలని కూర్చున్నాను. నిన్న పొద్దున మీ బావ తడి తువ్వాలు మంచం మీద పడేశాడు. రోజూ పడేస్తాడు. నిన్న నాకు ఒళ్లు మండిపోయింది. "నీకు బుద్ధుందా? ఎన్నేళ్లు చెప్పాలి?" అని వీధంతా వినపడేలా అరిచాను. అరుస్తుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆయన మంచం పక్కన నేల మీద కూలబడి, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని, "ఇంకోసారి తిట్టవే" అన్నాడు.

తిట్టాను. పక్కింటావిడ కిటికీ తీసింది.

పాప కోసం ఇంకా ఏడవలేదు. రాత్రి పడుకున్నప్పుడు మాత్రం దాని చెవులు గుర్తొచ్చాయి. మడతపడి, మెత్తగా ఉండేవి. ఇన్నాళ్లూ అవి గుర్తు లేవు.

అక్క