చిన్న బావ కొలతకు సరిపోయే సైకిల్

కుందలహళ్ళి,
ఆదివారం మధ్యాహ్నం

సుజాతక్కకు,

నీ తమ్ముడు రఘు నమస్కరించి రాస్తున్నాడు. నువ్వు, పెద్ద బావ, అత్తమ్మ, పాప అందరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. ఒంట్లో బాగుంది, ఉద్యోగం ఉంది, రెండు పూటలా తింటున్నాను. నువ్వు పంపిన చెనిక్కాయల పొడి ఇంకా సగం ఉంది. వారం నుంచి ముసురు పట్టి బట్టలు ఆరడం లేదు. అంతకు మించి నాకేం ఇబ్బంది లేదు, నా గురించి దిగులు పెట్టుకోకు.

ఫోనుండగా వీడికి ఉత్తరమెందుకు అనుకుంటావేమో. మీ ఫోను హాల్లో ఉంది. ఆ హాల్లోనే చిన్న బావ నడుముకి కట్టుతో మంచం మీద ఉన్నాడు. నీ సెల్లుకి చేస్తే ముందు పాప ఎత్తి "మామా" అని ఊరంతా వినేట్టు అరుస్తుంది. నేను చెప్పబోయేది బావ చెవిన పడకూడదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. వంటింట్లో ఒక్కదానివే కూర్చుని చదువు.

మొన్న ఫోన్లో నువ్వు నన్ను తిట్టిన తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి. "ఏమిరా, బంగారం మాదిరి పిల్లోన్ని నీకాడికి పంపితే నడుం ఇరగ్గొట్టి పంపినావే! ఆ దరిద్రపు సైకిలు ఎవుడు కొనమన్నాడ్రా మిమ్మల్ని? బస్సుల్లేవా ఆ ఊర్లో?" అన్నావు. అత్తమ్మ బావని బండి కట్టించుకుని తీసుకెళ్ళి పసరు కట్టు కట్టించిందనీ, అటూ ఇటూ కదలొద్దన్నారనీ చెప్పావు. నీ మరిది మీద నీకున్న ప్రేమ నాకు తెలుసక్కా. కానీ ఆ నడుముకి ఏమీ కాలేదు.

సైకిల్ సంగతి మొదటినుంచీ చెప్పాలి, లేకపోతే నీకు అర్థం కాదు. మా ఆఫీసు వాళ్ళు కొందరు ఆదివారాలు తేలికపాటి సైకిళ్ళ మీద హోస్కోటె దాటి చాలా దూరం పోయొస్తారు. వాళ్ళని చూసి చిన్న బావకి ఆశ పుట్టింది. మనమూ ఒకటి కొందాం, కొంచెం కొంచెం దూరం పెంచుకుంటూ పోయి ఏదో ఒక రోజు మదనపల్లెలో వదిన గుమ్మం ముందు దిగుదాం అన్నాడు. చెరొకటి కొనే స్తోమత లేదు, కొన్నా ఈ ఒంటిగది ఇంట్లో పెట్టుకునే చోటు లేదు. ఇద్దరికీ కలిపి ఒక్కటే కొందామనుకున్నాం. ఇంత చదువుకుని ఇంత తెలివితక్కువ పని మేమే చేయగలం.

రింగు రోడ్డు మీది కొట్టుకెళ్ళాం. కొట్టాయన తాతల కాలంలో కదిరి వైపు నుంచి వచ్చినవాడట, మన మాటే మాట్లాడతాడు. గోడకి ఆనుకుని నిలబడి, కాళ్ళ మధ్య లావుపాటి పుస్తకం పెట్టుకుని, దాని పైఅంచు దగ్గర గోడ మీద గీత గీసుకుని కాళ్ళ పొడుగు కొలిచి రమ్మన్నాడు. గదికొచ్చి ఆ పనే చేశాం. నా గీత చూసి బావ పడీపడీ నవ్వాడు. "ఇది కాలా, పీట కాలా రా?" అన్నాడు. నా గీతకీ తన గీతకీ మధ్య జానెడు తేడా ఉంది.

కొలతలు చూసి కొట్టాయన తల అడ్డంగా ఊపాడు. "ఒక సైకిల్‌కి ఇద్దురంటే ఎట్లప్పా? చెప్పుల మాదిరి ఇది, ఎవురిది వాళ్ళకే ఉండాల. నడిమి సైజు ఇచ్చినాననుకో, ఆయప్పకి మోకాళ్ళు పైకొస్తాయి, నీకు మెడ పట్టేస్తాది. ఇద్దురికీ నొప్పులే" అన్నాడు.

"ఏం కాదులేప్పా, నొప్పులు చెరిసగం పంచుకుంటాం" అన్నాడు బావ.

అక్కడున్నవాటిని ఒక్కొక్కటీ చేత్తో ఎత్తి చూశాడు. గ్యాస్ బండ అయిపోయిందో లేదో ఎత్తి చూస్తావే, అట్లాగ. అన్నిట్లోకీ తేలికైనదాన్ని పట్టుకుని ఇదే అన్నాడు. నేనూ ఎత్తి చూసి సరే అన్నాను. ఇద్దరిలో ఒక్కరం కూడా దాని మీద సరిగ్గా కూర్చుని చూడలేదు. సన్నటి టైర్లు, కిందికి వంగిన హ్యాండిలు, రాయి లాంటి సీటు. తేలికే, కానీ రోడ్డు మీది ప్రతి గుంతా నేరుగా వెన్నులోకి వచ్చేది.

అయినా ఆ నెలలు బాగా గడిచాయక్కా. ఆదివారం పొద్దున్నే ఒకడు సైకిల్ మీద, ఇంకొకడు బస్సులో బయల్దేరేవాళ్ళం. హోస్కోటెలో ఇడ్లీ హోటల్ దగ్గర కలుసుకుని, సీటు ఎత్తు మార్చుకుని, చింతామణి దాకా రెండోవాడు తొక్కేవాడు. ఏదో ఒక రోజు మదనపల్లె వచ్చేటప్పుడు చివరి ముక్క ఎవరు తొక్కాలని ప్రతి వారం పోట్లాటే. నీ గుమ్మం ముందు బెల్లు కొట్టి దిగే ఆ మర్యాద నాకే కావాలని నేను, తనకే కావాలని తను. ఆ పోట్లాట ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తోంది.

ఒక ఆదివారం నేను హోస్కోటెలో ఎదురుచూస్తున్నాను. బావ ఎప్పటికన్నా ఆలస్యంగా వచ్చాడు. సైకిల్ దిగలేదు. ఒక కాలు అరుగు మీద ఆనించి నిలబడ్డాడు. ఇడ్లీ చల్లారిపోతోంది, దిగమన్నాను.

"నన్ను తీసేసినార్రా రఘూ" అన్నాడు. "శుక్రవారం రూములోకి పిలిచి చెప్పినారు. మెళ్ళో కార్డు ఆడనే తీసుకున్నారు. వదినకి చెప్పొద్దు. అన్నకి అసలే చెప్పొద్దు. నామీద ఒట్టు."

నేను ఒట్టు వేశాను. సీటు దించబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈ పూటకి అంతా నేనే తొక్కుతా, నువ్వు బస్సెక్కు" అన్నాడు. దారిలో నా బస్సు తనని దాటింది. అంత పొడుగు మనిషి ఆ చిన్న సైకిల్ మీద ముడుచుకుని, మోకాళ్ళు చేతులకి తగులుతూ, వానలో తలొంచుకుని తొక్కుతున్నాడు. కిటికీలోంచి కేకేశాను. తలెత్తలేదు. చింతామణిలో దిగాక నడుం నొప్పి అనలేదు, ఏ నొప్పీ అనలేదు. చెరిసగం పంచుకుందామన్న మనిషి నాకేమీ పంచలేదు.

తర్వాత కూడా పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని, బ్యాగు తగిలించుకుని, ఆఫీసు టైముకి ఆ సైకిల్ మీదే బయల్దేరేవాడు. ఇంటి ఓనరుకి తెలియకూడదని. ఎక్కడికని నేను అడగలేదు. ఈ ఏడు ఇక్కడ చాలామంది పరిస్థితి ఇదే, కొత్తగా ఉద్యోగంలోకి తీసుకునేవాళ్ళు లేరు. చివరికి ఒకరోజు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి తన పెట్టె లేదు. సైకిల్ గోడకి ఆనించి ఉంది. ఊళ్ళో అడిగేవాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి కదా, సైకిల్ తొక్కి నడుం పోయిందని చెప్పుకున్నాడు. మీరు నమ్మారు. కట్టు కట్టించారు. ఇప్పుడు ఆ అబద్ధం కింద పడి లేవలేకపోతున్నాడు.

నేను ఫోను చేస్తే ఎత్తడు. మెసేజ్ పెడితే జవాబు లేదు. ఒట్టు తప్పాను కాబట్టి ఇకమీదట నాతో మాట్లాడకపోయినా సరే. నాకు భయంగా ఉందక్కా, అది చెప్పడానికి సిగ్గు లేదు. ఉత్తుత్తినే మంచం పట్టిన మనిషి నిజంగానే మంచం పట్టేస్తాడు.

గది బోసిగా ఉంది. చెయ్యి అలవాటున ఇద్దరికి సరిపడా బియ్యం పోసేస్తోంది. నేను బాగానే ఉన్నాను, నువ్వేం కంగారు పడకు.

నిన్న ఒక పని చేశాను. గోడ మీద చిన్న బావ గీతని టేపుతో మళ్ళీ కొలుచుకుని, సైకిల్ తీసుకుని ఆ కొట్టుకే వెళ్ళాను. పాతది ఇచ్చేసి, పైన కొంత వేసి, పొడుగు మనిషి సైజుది తీసుకున్నాను. ఇదీ తేలికైనదే. టైర్లు కాస్త వెడల్పు, హ్యాండిలు కాస్త పైకి, అంతగా వంగక్కర్లేదు, రోజంతా తొక్కినా నడుము పట్టదట. ఈసారి ఎత్తి చూడలేదు. కొట్టాయన నా కాళ్ళవైపు చూసి "ఇది నీకు అందదు కదప్పా" అన్నాడు. నాక్కాదని చెప్పాను. ఇంటిదాకా నడిపించుకుంటూ వచ్చాను.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. నీకు తెలిసినట్టు తనకి తెలియనివ్వకు. రమ్మని కూడా అనకు, ఉద్యోగం ఎప్పుడొస్తుందో నేనూ చెప్పలేను. అన్నం పెట్టేటప్పుడు మాటల మధ్యలో "రఘు ఆ సైకిలు మార్చేసినాడంట, నీ కొలతది తెచ్చినాడంట" అని మాత్రం అను. నడుం పోవడానికి సైకిలే కారణమన్నాడు కదా, ఆ కారణం ఇక లేదని తనకే తెలుస్తుంది. ఏమంటాడో, ఏమీ అనడో తెలియదు. వస్తే మాత్రం చివరి ముక్క తనే తొక్కొచ్చు. నేను వెనకాల బస్సులో వస్తాను.

అత్తమ్మకీ పెద్ద బావకీ నా దండాలు చెప్పు. పాపకి ముద్దులు. నీ దీవెన నా మీద ఎప్పుడూ ఉండాలి. ఉత్తరం చదివాక పొయ్యిలో పడెయ్.

ఇట్లు,
నీ తమ్ముడు
రఘు

మర్చిపోయాను. ఏదో ఒక వంక చెప్పి, ముందు ఆ కట్టు విప్పించక్కా.