ట్రైలర్‌లో హీటర్, వంటింట్లో స్విచ్

ఏమండీ,

పెరట్లో మీరు కుర్చీలు చేసుకునే చక్రాల గదికి, అదే మీ ట్రైలర్‌కి హీటర్ బిగించాను. ఊళ్లో అందరికీ వైరింగ్ చేసేదాన్ని, సొంత మొగుడు చలికి వణుకుతుంటే ఎలా ఊరుకుంటాను? వార్నిష్ డబ్బాలూ చెక్కపొట్టూ దాని దగ్గరకు రానివ్వకండి. గాలి ఆడే కిటికీ మూయకండి.

ఇన్నాళ్లూ వేళ్లు కొంకర్లు పోయినప్పుడైనా వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు నిలబడేవారు. ఆ కాసేపే నాకు ఇంట్లో మనిషి అలికిడి. ఇక ఆ కుర్చీలతోనే కాపురం చేయండి, నాకేం!

పనికి వెళ్తున్నాను. చీకటి పడేలోగా వచ్చేస్తాను.

అన్నట్టు, స్విచ్ కోసం ట్రైలరంతా వెతక్కండి. వంటింట్లో పొయ్యి పక్కన పెట్టాను. వేయాలన్నా ఆపాలన్నా లోపలికి రావాల్సిందే. వైరు చాలలేదేమో అనుకునేరు, ఇంకా బోలెడు మిగిలింది.