గరిటెడు రుచి

వదినకి,

నెల రోజులు మీతో మాట్లాడనందుకు ముందు నన్ను నాలుగు తిట్టండి. ఆ తర్వాతే మిగతాది చదవండి.

ఆ రోజు నాతో వచ్చి డాక్టరుగారి ముందు నా పరువు తీశారనుకున్నాను. అన్నం, రొట్టె మానేసి రెండేళ్లుగా నెయ్యి, గుడ్లు, మాంసంతో కీటో తిండి తింటున్నాను కదా. మొదట్లో ఆకలే తెలియలేదు, పద్దెనిమిది కిలోలు తగ్గాను. ఈమధ్య మాత్రం ఒకటే ఆకలి. నేను తిండిపోతునని నాకు నేనే ఒప్పేసుకున్నాను. తిన్నదంతా పుస్తకంలో రాశానని ఆయనకి చెబుతుంటే మీరు ఉండబట్టలేక, "మా ఆడపడుచు క్యాంటీన్‌లో వంట చేస్తుందండీ. రుచి చూడ్డమంటే ఆమెకి చెంచాడు కాదు, గరిటెడు!" అనేశారు.

నిజమే వదినా. ఇరవై ఏళ్లుగా వండుతున్నా, రుచి చూడటం కూడా తినడమేనని నాకు తోచనే లేదు.

నిన్న డాక్టరుగారి దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. "కీటో తిండి ఆకలి హార్మోన్‌ని అణిచి ఉంచుతుందమ్మా. రోజూ ఇన్ని గరిటెల అన్నం, దుంపలు పడితే అది మళ్లీ తలెత్తుతుంది. పైగా తగ్గిన ఒళ్లు పోయిన బరువు తిరిగి కావాలంటుంది. ఇందులో నీ తప్పేం లేదు" అన్నారు. రక్తంలో కొవ్వు కూడా పెరిగిందట. కీటో మెల్లగా మాన్పిస్తున్నారు. మీరు నోరు విప్పకపోతే ఇదేదీ బయటపడేది కాదు.

తిరిగొస్తుంటే ఆకలేసింది. ఈసారి నన్ను నేను తిట్టుకోలేదు. ఇంటికొచ్చి కంచంలో పెట్టుకుని, కూర్చుని తిన్నాను.

మీ ఆడపడుచు