తలమీద చెయ్యి

ముసునూరు,
సోమవారం.

మా సుబ్బరత్నక్కకి,

ఫోన్లో చెప్పబోతే ఏడుపొస్తుందని రాస్తున్నాను. నీ మరిది మళ్ళీ తాగుతున్నాడక్కా. లివరు గట్టిపడింది, ఇంకొక్క చుక్క తాగినా దక్కడని డాక్టరమ్మ చెప్పాక మానేసిన మనిషి! ఆవిడ రాసిచ్చిన సిరప్పు సీసా తోటకే పట్టుకెళ్తున్నాడు, సరిగ్గానే వాడుతున్నానంటాడు. కానీ మాట ముద్దముద్దగా వస్తోంది. పగలంతా నిద్ర, రాత్రంతా తిరుగుడు. నిన్న మామిడి కోతలో చిన్న రసాలు తీసుకెళ్ళి బంగినపల్లి ట్రేలలో పోశాడు. వాసన చూసి కాయ పేరు చెప్పే మనిషి అలా చేస్తే కూలికొచ్చిన ఆడవాళ్ళు నవ్వరా? నోటి దగ్గర ముక్కు పెట్టి చూశాను. మాగిపోయిన కాయలా తియ్యటి కంపు.

"తాగలేదే నాగేంద్రా, ఒట్టు" అంటూ నా తలమీద చెయ్యి పెట్టబోయాడు. ఆ చెయ్యి నిలవడం లేదు. తోసేశాను. "నీ అబద్ధాలకి నా తలే దొరికిందా?" అన్నాను.

ఇక నా వల్ల కాదు. శుక్రవారం బాపులపాడు వచ్చేస్తున్నాను. సర్దుకుపొమ్మని మాత్రం చెప్పొద్దు.

నీ చెల్లెలు,
నాగేంద్రమ్మ

విజయవాడ ఆసుపత్రి,
ఆదివారం.

అక్కా,

నేనెందుకు రాలేదో ఇప్పటికి రాయగలుగుతున్నాను. గురువారం ఆయన తోటలోనే పడిపోయాడు. పిలిస్తే పలకలేదు. ముఠా మేస్త్రీ సవరయ్య కారు మాట్లాడి ఇక్కడికి చేర్చాడు. ఒంట్లో సారా చుక్క లేదక్కా! పాడైన లివరు వడకట్టలేక రక్తంలో అమ్మోనియా పెరిగి మెదడుకెక్కిందట. అచ్చం తాగినట్టే ఉంటుందట. నేను పసిగట్టిన ఆ కంపు కూడా జబ్బుదేనట.

ఆ విషం పోవడానికే సిరప్పు ఇచ్చారు. రోజూ రెండు మూడుసార్లు విరేచనం కావాలి. కోతలు మొదలయ్యాక ఆయన ఆ సిరప్పు తాగడం మానేశాడు. తెలివొచ్చాక అడిగితే గోడవైపు తిరిగి, "షెడ్డులో అంతమంది ఆడాళ్ళు కాయలు ఏరుతుంటే చెంబు పట్టుకుని మాటిమాటికీ ఎట్టా ఎళ్ళేదే?" అన్నాడు. సిగ్గుకి ప్రాణం పోగొట్టుకునేవాడు. బావని రేపే తోటకి పంపు. షెడ్డుకి దూరంగా తాటాకు దడి కట్టించి మరుగుదొడ్డి వేయించమను.

ఇది మళ్ళీ రావచ్చంది డాక్టరమ్మ. లివరు ఇక మునుపటిలా కాదంది. నాకు చాలా భయంగా ఉందక్కా. రోజూ చేతులు ముందుకి చాపించి చూడమంది, వణికితే వెంటనే తీసుకురమ్మంది. అంటే ఆ రోజు నేను తోసేసిన చెయ్యి నాకు జబ్బు సంగతే చెప్పింది.

పొద్దున చాపించాను. ఇంకా కాస్త ఊగుతున్నాయి. కుడిచెయ్యి పట్టుకుని నా తలమీద పెట్టుకున్నాను.

"ఇప్పుడెందుకే?" అన్నాడు.

"ఆ రోజుది" అన్నాను.

నీ
నాగేంద్రమ్మ